మాటకు ముందటి నాదము

సంగీతమనగనే మనకు ముందుగా పాట జ్ఞప్తికి వచ్చును. పాట యనగనే మాట. త్యాగరాజ కీర్తనమైనను, బతుకమ్మ పాటయైనను, చలనచిత్ర గీతమైనను మాట చెవిని బడినగాని మనసు నిలువదని పెక్కుమంది తలంపు. అయితే పాడువాడు లేక, కథ లేక, పావుగంటసేపు మెల్లమెల్లగా పెరిగి, ఒక్కపెట్టున పొంగి, మరల మౌనమున కలిసిపోవు సంగీతమొకటి గత 30 ఏండ్లకు పైగా లోకమున వినబడుచున్నది. పాశ్చాత్యులు దానికి 'పోస్ట్ రాక్' అని పేరిడిరి. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములకు చెందిన మా బోటి శ్రోతలకు ఆ సంగీతముపై ప్రీతి ఎట్లు కలిగినది, ఆ ప్రీతి మమ్ము తుదకు ఏ తావునకు చేర్చినది అను విషయమును ఈ ప్రసంగమున మనవి చేయుదుము. విషయము విదేశమున మొదలగును; మన వాకిటికి వచ్చి ఆగును.

ముందుగా ఆ సంగీతపు పుట్టుక. గత శతాబ్దపు నడిమి కాలమున అమెరికా, ఇంగ్లండు దేశములలో 'రాక్' అను సంగీతము ప్రబలెను. విద్యుత్తుతో మ్రోగు గిటారులు, డ్రమ్ములు, గొంతెత్తి పాడు గాయకుడు, ఇవి దానికి ఆయువుపట్టులు. 1980 తరువాత కొందరు వాద్యకారులకు ఆ పద్ధతి ఇరుకుగా తోచెను. లండనులో 'టాక్ టాక్' అను బృందము జనులు మెచ్చిన పాటలతో కీర్తిని, ధనమును గడించిన పిమ్మట ఆ త్రోవను విడిచి, 1988లో 'స్పిరిట్ ఆఫ్ ఈడెన్' అను రికార్డును వెలువరించెను. పూర్వము ప్రార్థనామందిరమునకు చెందిన కట్టడములో, దీపములు తగ్గించుకొని, నెలల తరబడి వాయించి, వాయించిన దానిలో ఎక్కువ భాగమును తీసివేసి, మిగిలిన కొలది స్వరములను నిశ్శబ్దము నడుమ అమర్చిరి. ఆ బృందనాయకుడు మార్క్ హాలిస్ స్వరమునకు ఎంత విలువ యిచ్చెనో, దాని చుట్టునున్న మౌనమునకును అంత విలువ యిచ్చినవాడు. 2019లో ఆయన మరణించినప్పుడు, ఆయన సంగీతమును ఏనాడును చూడని దేశములలో సైతము శ్రోతలు ఆయనను తలచుకొనిరి.

1991లో అమెరికాలోని లూయీవిల్ నగరపు యువకులు 'స్లింట్' అను పేరుతో 'స్పైడర్‌లాండ్' అను రికార్డును చేసిరి. 1994లో సైమన్ రేనాల్డ్స్ అను ఆంగ్ల విమర్శకుడు ఈ ధోరణికి 'పోస్ట్ రాక్' అను పేరును ప్రచారములోనికి తెచ్చెను. రాక్ సంగీతపు వాద్యములనే పట్టుకొని, రాక్ సంగీతము చేయని పని చేయుట అని ఆయన చెప్పిన దాని సారము. అదే కాలమున కెనడాలోని మాంట్రియల్ నగరమున 'గాడ్‌స్పీడ్ యు బ్లాక్ ఎంపరర్', ఐస్‌లాండు రాజధాని రేక్యావిక్‌లో 'సిగుర్ రోస్', 1995లో స్కాట్లండులోని గ్లాస్గోలో 'మొగ్వాయ్', 1999లో అమెరికాలోని ఆస్టిన్‌లో 'ఎక్స్‌ప్లోజన్స్ ఇన్ ద స్కై' అను బృందములు పుట్టినవి. మన దేశమున అహమదాబాదులో 2013 ప్రాంతమున 'యాజ్ వి కీప్ సెర్చింగ్' అను బృందము ఈ బాటనే పట్టెను.

ఈ బృందములు గిటారును వాయించు తీరు వేరు. స్వరము పుట్టగానే దానిని ప్రతిధ్వని యంత్రములగుండ నడిపింతురు. ఒక్క మీటు పది మీటులై, వాని అంచులు ఒకదానిలో నొకటి కరగి, తీగె యను జ్ఞానము పోయి మేఘమువంటి నాదము మిగులును. సిగుర్ రోస్ గాయకుడు యోన్సి గిటారును వేళ్లతో మీటక, చెల్లో వాద్యపు కమానుతో లాగును. ఆయన పాడునప్పుడు సైతము అనేక చోట్ల అర్థము గల మాటలుండవు. నోటికి వచ్చిన అక్షరములనే స్వరమునకు అమర్చును. 2002లో ఆ బృందము వెలువరించిన రికార్డునకు పేరు లేదు. అందలి 8 అంశములకును పేరులు లేవు. వెంట నిచ్చిన పుస్తకపు పుటలు ఖాళీగా విడువబడినవి. వినువాడు తనకు తోచినది వ్రాసికొనవచ్చునని భావము. మన సంగీతమున తానము పాడునప్పుడు 'అనంతం' అను అక్షరములు అర్థమును విడిచి స్వరమునకు వాహనములగుట శ్రోతలు ఎరిగినదే.

ఇట్టి దీర్ఘసంగీతము ఇంతకు పూర్వము జనులకు ఎందుకు చేరలేదు? దానికి కారణము రుచి మాత్రమే కాదు, యంత్రము కూడ. మన దేశమున 1902లో గౌహర్ జాన్ గానమును గ్రామఫోను ప్లేటుపై పట్టినప్పుడు ఒక్కొక్క ప్రక్కకు సుమారు 3 నిమిషములే చోటు. గంటసేపు ఆలపించు విద్వాంసులు 3 నిమిషములలో రాగమును, పల్లవిని, ముక్తాయింపును ముగింపవలసి వచ్చెను. పాట యనగా 3 నిమిషములదను అలవాటు అట్లు మన చెవికి పట్టువడెను. 1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చి ప్రక్కకు 20 నిమిషములకు పైగా చోటు కల్పించినను, ఆ అలవాటు త్వరగా పోలేదు. 2000లో గాడ్‌స్పీడ్ బృందము రెండు ప్లేట్ల రికార్డును నాలుగు ప్రక్కలకు నాలుగే అంశములతో నింపెను. మొత్తము 87 నిమిషములు. యంత్రము చూపిన చోటును కడదాక వాడుకొన్నవారు వీరు.

మాకు ఈ సంగీతము చేరినది చేతి ఫోనుల మూలమున. రాత్రివేళ రైలు ప్రయాణములలో, కరెంటు పోయిన వేసవి సాయంకాలములలో మేము దీనిని వినుచుంటిమి. మొగ్వాయ్ బృందము 1997లో చేసిన 16 నిమిషముల అంశమొకటి కలదు. కొలది స్వరముల మెట్టు మరల మరల వచ్చుచుండును. ప్రతి పర్యాయము ఏదో యొకటి చేరును. చేరినది ఏదియో చెప్పలేము. నాదము బరువెక్కినదని మాత్రము తెలియును. డ్రమ్ములు ముందునకు వచ్చును. పిమ్మట అంతయు అణగి, నిలిచిన నీరువలె నుండి, మరల పొంగును. ఇట్టివి వినుటకు ఓపిక కావలెను. ఆ ఓపికకు ప్రతిఫలమేమనగా, పొంగు వచ్చునప్పటికి అది బయటనుండి వచ్చినట్లుండదు, మనలోనుండి లేచినట్లుండును. మాట లేనందున ఎవరి దుఃఖము వారిదే, ఎవరి సంతోషము వారిదే. ఈ గుణమునకే మేము వశులమైతిమి.

ఒకనాడు మా యింట ఈ సంగీతము మ్రోగుచుండగా, వరండాలో కూర్చుండి బియ్యము చెరుగుచున్న పెద్దమ్మ ఒకరు కొంతసేపు విని, "ఏంది బిడ్డా, ఇంక కథ షురువు గాలేదా? డోలైతే మంచిగనే కొడుతున్నరు" అని అడిగినది. గ్లాస్గో యువకుల డ్రమ్ములను విని ఆమె ఒగ్గుకథ యనుకొన్నది. ఆ మాటతో మా వెదకులాట దారి మళ్లినది. ఆమె చెవి తప్పుగా పట్టలేదు. కథకు ముందు మ్రోగు ఒగ్గుడోలును, కథయే లేని ఆ సంగీతమును ఒకే తీరున కట్టబడినవని ఆమెకు తోచినది. అది ఎంతవరకు నిజమో చూతము.

జనగామ ప్రాంతము ఒగ్గుకథకు పుట్టినిల్లు వంటిది. కురుమ, గొల్ల కులముల వారు కొలుచు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలను చెప్పు కళారూపమిది. ఒగ్గు అనునది డమరుక జాతికి చెందిన చిన్న వాద్యము. కథకు ఆ పేరు దానివలననే వచ్చినది. దానికి తోడు డోలు, తాళములు, నఫీరా. డోలును మెడకు తగిలించుకొని, ఒక ప్రక్క పుల్లతోను మరొక ప్రక్క చేతితోను వాయింతురు. లింగాలఘనపురం మండలములోని మాణిక్యాపురమునకు చెందిన చుక్క సత్తయ్య ఈ కళను గుడి వాకిటి నుండి సభావేదికలకును, ఆకాశవాణికిని, దూరదర్శనమునకును తెచ్చినవాడు. 2017 నవంబరులో ఆయన కన్నుమూసెను.

ఒగ్గుకథ విన్నవారందరును కథను జ్ఞాపకముంచుకొందురు. కథకు ముందు జరుగునది గమనింపదగినది. పొద్దు గ్రుంకిన పిదప డోలు మొదలగును. మొదట ఒంటి దెబ్బ; నడుమ విరామము. పిదప రెండవ డోలు. తాళము తోడగును. ఒక వరుసను అనేక పర్యాయములు త్రిప్పి, ఊరు కదలు వేళకు వేగము పెంచుదురు. పొలమునుండి వచ్చినవాడు కాళ్లు కడుగుకొనుచు వినును. పిల్లవానిని నిద్రపుచ్చు తల్లి వినును. ఆ నాదము కథ కాదు. కథకు కావలసిన వాతావరణము. చీకటిని, జనమును, దైవమును ఒకచోటికి పిలుచుట దాని పని. డోళ్లు పతాకస్థాయికి పోయి చటుక్కున ఆగినప్పుడు ఏర్పడు నిశ్శబ్దములో కథకుని మొదటి మాట పడును. ఆ నిశ్శబ్దము లేనిదే ఆ మాటకు బలము లేదు. లండనులో మార్క్ హాలిస్ ఏరి తెచ్చుకొన్న మౌనము మన ఊళ్లలో గుడి వాకిట ఏండ్ల తరబడి కాపురమున్నది.

దేవరుప్పుల మండలములోని అప్పిరెడ్డిపల్లె చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించినది. చిందు భాగవతములోను వేషము తెర వెడలుటకు ముందు మద్దెల, తాళము చాలసేపు నడచును. ఆ సేపును కూడ ఆటలోని భాగముగనే పెద్దలు చూచెదరు.

ఈ నేల మాటకు పేదది కాదు. పాలకుర్తి పాల్కురికి సోమనాథుని ఊరు. బమ్మెర పోతన ఊరు దాని ప్రక్కనే. తెలుగు మాటకు ఇంతటి ఇద్దరు పెద్దలను కన్న సీమలో మాటలేని నాదమును గూర్చి ముచ్చటించుట వింతగా తోపవచ్చును. కాని ఆ సోమనాథుడే పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణమున శ్రీశైలమునకు వెళ్లు శివరాత్రి యాత్రికులను వర్ణించుచు, వారి ఆటపాటలతో పాటు రాగముల పేరులను, వీణాభేదములను, వాద్యములను వరుసగా పేర్కొనెను. బసవపురాణమున కిన్నెర బ్రహ్మయ్య కథను చెప్పెను. ఆ భక్తునికి పేరు తెచ్చినది అతని కిన్నెర. మాటల మేటి యగు సోమనాథునికి వాద్యపు పేరును వదలిపెట్టుట ఇష్టము కాలేదు.

మరియొక నిదర్శనము ఇటీవలి చరిత్రలోనిది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన పిదప, తెలంగాణ రైతాంగ పోరాటము ఈ పల్లెలలోనే రాజుకొన్నది. ఆనాటి కళాకారులు గొల్లసుద్దులను, బుర్రకథను చేపట్టి, దేవతల కథల స్థానమున దొరల దౌర్జన్యమును, వెట్టిచాకిరిని చెప్పిరి. మాట పూర్తిగా మారినది. వాద్యము, దరువు, జనమును కూడగట్టు తీరు మాత్రము పాతవే. జనులు ఆ దరువును విని దగ్గరకు వచ్చిరి; వచ్చిన తరువాత కొత్త మాటను వినిరి. మాటలు మారినను నిలిచి పనిచేసినది ఆ నాదము.

ఇక మహబూబాబాదు వైపునకు వత్తము. నైజాము కాలపు రైలుమార్గము 1889 నాటికి బెజవాడను చేరినది. సికింద్రాబాదు నుండి వచ్చు ఆ త్రోవ జనగామను దాటి, కాజీపేట మీదుగా మహబూబాబాదు, డోర్నకల్లు గుండ సాగును. ఆ పట్టాల ప్రక్కన పెరిగిన పిల్లలకు దూరపు రైలుకూత, పట్టాకు చెవి ఆనించిన వినబడు సన్నని జుంకారము, దగ్గరైన కొలది నేల అదురుట, తుదకు అంతయు దాటిపోయిన వెనుక మిగులు మౌనము చిరపరిచితములు. పట్టాపై పైసాబిళ్లను పెట్టి, అది రేకువలె నలిగిన పిదప ఏరుకొనుట ఆ పిల్లల ఆట. గాడ్‌స్పీడ్ బృందము మాంట్రియల్‌లో రైలు కట్ట దగ్గరి పాత కట్టడములో సంగీతము చేసెడిది. 1997లో వెలువడిన వారి మొదటి ప్లేటు పొట్లములో రైలు క్రింద నలిగిన నాణెము నొకదానిని ఉంచిరి. ఆ ప్లేటు చివరి గాడి తనలో తాను తిరుగునట్లు చెక్కబడినది; ఎవరైన లేచి సూదిని తీయువరకు ఆ నాదము ముగియదు. ఆ నాణెపు ముచ్చట విన్నప్పుడు మాంట్రియల్ మాకు డోర్నకల్లు ప్రక్క ఊరువలె తోచినది.

మహబూబాబాదుకు తూర్పున కొత్తగూడ, గంగారం వైపు అడవి చిక్కనగును. అవి కోయల పల్లెలు. ఆ అడవియే ముందునకు సాగి మేడారమును చేరును. మేడారము 2016 అక్టోబరులో భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019 ఫిబ్రవరి నుండి ములుగు జిల్లాలో నున్నది. రెండేండ్ల కొకసారి మాఘ పౌర్ణమికి జరుగు సమ్మక్క సారలమ్మల జాతరలో సారలమ్మ కన్నెపల్లి నుండి, సమ్మక్క చిలకలగుట్ట నుండి గద్దెలకు వత్తురు. గుట్ట దిగి వచ్చు దేవతకు ముందు నడచునది వాద్యము. కోయల డోలు, కొమ్ము బూరలు, అక్కుం అను వాద్యము అడవిలో మ్రోగుచుండగా లక్షల జనము ఎదురుచూచును. అక్కడ ఎవరును ఉపన్యసింపరు. దూరమున నాదము లేచినదన్న గుర్తే దేవత బయలుదేరినదను వార్త. ఆ కథను సంపూర్ణముగ ఎరిగిన డోలి కళాకారులు పడిగె యను వస్త్రమును విప్పి, అందలి బొమ్మలను చూచుచు కోయభాషలో గానము చేయుదురు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య అట్టివాడు. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించెను. 2024లో ఆయన మరణించెను.

భూపాలపల్లి నేడు బొగ్గుగనుల పట్టణము. గని సైరను అచటి సంసారములకు గడియారము. కాని ఆ జిల్లాలోని గణపురమున కోటగుళ్లు, దాపుననున్న పాలంపేటలో రామప్పగుడి కాకతీయుల నాటి నాదమును శిలలో దాచుకొన్నవి. రామప్పగుడి 1213 నాటిది. రేచెర్ల రుద్రుడు కట్టించినది. 2021 జూలై 25న యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించెను. రంగమండపపు శిల్పములలో నాట్యకత్తెల ప్రక్కన మద్దెలగాండ్రు విడువక కనబడుదురు. గర్భగుడి ద్వారము చెంత గోపికల కథ చెక్కిన స్తంభమొకటి తట్టిన స్వరములు పలుకునని ప్రసిద్ధి.

గణపతిదేవుని గజసేనాని జాయపుడు 1253–54 ప్రాంతమున సంస్కృతమున నృత్తరత్నావళిని రచించెను. అందు దేశి నృత్యములతో పాటు పేరణిని వివరించెను. వీరులు యుద్ధమునకు పోవునప్పుడు ఆడిరని చెప్పు ఆ తాండవమునకు ప్రాణము మృదంగధ్వని. ఆచార్య నటరాజ రామకృష్ణ ఈ గ్రంథమును, రామప్ప శిల్పములను ఆధారము చేసికొని పేరిణి శివతాండవమును పునరుద్ధరించి, 1985 శివరాత్రినాడు రామప్పగుడి చెంతనే ప్రదర్శింపజేసిరి. జాయపుడు గీతరత్నావళి, వాద్యరత్నావళి అను గ్రంథములను కూడ రచించెనని చెప్పుదురు. అవి నేడు లభించుట లేదు. నృత్తమునకు శిలలో సాక్ష్యము మిగిలినది, గ్రంథమున శాస్త్రము మిగిలినది. వాద్యమునకు మాత్రము గ్రంథము పోయినది. వాయించిన నాదము గాలిలో కలిసినది.

ఇచట ఐస్‌లాండు సంగతి ఒకటి చెప్పవలెను. సిగుర్ రోస్ బృందము 2002లో తమ దేశపు పురాతన కావ్యమొకదానికి వాద్యబృందముతో సంగీతము కట్టినది. అందు వారు 'రీముర్' అను ప్రాచీన పద్ధతిలో పద్యము చదువు స్టేయిన్‌డోర్ ఆండర్సన్‌ను పిలుచుకొనిరి. పౌల్ గుడ్మండ్సన్ అను శిల్పి స్వరము పలుకు రాళ్లను ఏరి, వరుసగా పేర్చి చేసిన శిలావాద్యమును వాయించెను. 2006 వేసవిలో ఆ బృందమువారు దేశదేశములు తిరిగి వచ్చిన పిదప, రుసుము లేక, పెద్ద ప్రకటనలు లేక, తమ ద్వీపములోని చిన్న ఊళ్లలో, పాడుపడిన చేపల కార్ఖానాలో, కొండల నడుమ వాయించిరి. 2007లో దానిపై వచ్చిన చిత్రమునకు 'హేమా' అని పేరు. వారి భాషలో దాని అర్థము 'ఇంటివద్ద' అని. రాళ్లు పలుకు నాదము, పాతకాలపు పద్యము, పల్లె జనము కొత్త సంగీతమునకు అడ్డు రాలేదు, పునాదులైనవి. స్వరములు పలుకు స్తంభమును, డోలు దెబ్బను, జాతర కొమ్మును చేరువలో నుంచుకొని మేము ఆ చిత్రమును చూచితిమి. అటువంటి పని మన పిల్లలు మన నాదముతో చేయలేరా యను ప్రశ్న అప్పుడు మాకు పుట్టినది.

తెలుగువారిలో ఇట్టి ప్రయత్నము జరుగక పోలేదు. రేడియో కలిగిన ఇండ్లకు అది ఎరుకయే. ఆకాశవాణి ప్రారంభ నాదమును తలచుకొనుడు. తంబుర శ్రుతిపై వయొలిన్ పలికించు ఆ చిన్న అంశమును ప్రాగ్ నగరమున చదివి, బొంబాయికి వలస వచ్చిన వాల్టర్ కాఫ్‌మన్ కూర్చెను. అందు మాట లేదు. అయినను దానిని విన్నంతనే తెల్లవారుజాము, తడిసిన వాకిలి, మూతపడిన తలుపులు కన్నులకు గట్టనివారు ఆ తరములో అరుదు. వైణికులు ఈమని శంకరశాస్త్రి 1959లో ఢిల్లీ ఆకాశవాణిలో చేరి, జాతీయ వాద్యబృందమునకు సంగీతము కూర్చిరి. ఎవరెస్టు శిఖరారోహణమును వాద్యములతోనే చెప్పు 'ఆదర్శ శిఖరారోహణము' వారి రచన. వారి శిష్యులు చిట్టిబాబు 'కొమ్మలో కోయిల' యను అంశమున వీణను కోయిలగ మార్చిరి. కొండనెక్కుటయు, కోయిల కూతయు మాట లేక వీణపై చెప్పబడినప్పుడు మన ఇండ్ల వారు రేడియోను కట్టివేయలేదు. దగ్గరకు జరిగి వినిరి. కనుక ఈ రుచి మనకు కొత్తది కాదు. రేడియో వినిన ఇంటి చెవి దానిని ఎప్పుడో ఎరుగును.

మరి చింతింపదగినది ఏది? మన జానపద విద్యలపై కృషి తక్కువది కాదు. బిరుదురాజు రామరాజు గారి 'తెలుగు జానపద గేయసాహిత్యము' 1958లో వెలువడినది మొదలు పండితులు ఊరూర తిరిగి పాటలను, కథలను సేకరించి అచ్చు వేయించిరి. మాట కాగితముపై నిలిచినది. డోలు దెబ్బకు లిపి లేదు. కథ వ్రాసికొనువాడు కలము తీయునది కథకుడు నోరు తెరచినప్పుడు. అంతకు ముందటి అరగంట కాగితమునకు ఎక్కలేదు. శబ్దయంత్రములు వచ్చిన తరువాతను ఆ యరగంట ఎక్కలేదు. వేదికపై ఇచ్చు కాలము కొలది నిమిషములు. "నేరుగా కథలోనికి పొండు" అని కళాకారుని తొందరపెట్టుట మన సభలకు మామూలు. 3 నిమిషముల ప్లేటు గౌహర్ జాన్‌కు పెట్టిన నిబంధననే మనము మన డోలుకు పెట్టుచున్నాము. ఆనాడు యంత్రమునకు చోటు లేదు. నేడు చోటునకు కొదువ లేదు. అరచేతిలోని ఫోను ఒక రాత్రి కథను ఆసాంతము దాచుకొనగలదు. లోపించినది మన ఓపిక.

ఊరి పండుగలలో పెద్దపెద్ద శబ్దపేటికలు అద్దెకు వచ్చుచున్నవి. వాని మ్రోతకు డోలు నిలువజాలదు. డోలు వాయించు ఇంటి పిల్లవాడు పేటికలు మోయు బండి వెంట పోవుచున్నాడు. అతనిని తప్పుపట్టుట న్యాయము కాదు, అతనికి కూలి అచటనే దొరుకుచున్నది. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారు ఆదివాసి, జానపద వాద్యములను దశాబ్దముల కాలము వెదకి, సేకరించి, ప్రదర్శించిరి. వాద్యము అద్దముల పెట్టెలో నిలుచుట మేలే. అయితే దానిని వాయించు చేతి బిగువు, రెండు దెబ్బల నడుమ ఎంత ఆగవలెనను తెలివి, వేగము ఏ క్షణమున పెంచవలెనను ఎరుక అద్దముల పెట్టెలో దాగవు. అవి ఒక దేహమునుండి మరొక దేహమునకు ప్రక్కన కూర్చుండి నేర్చుకొన్నప్పుడే వచ్చును. చుక్క సత్తయ్య, సకిని రామచంద్రయ్య పోయినప్పుడు వారు చెప్పిన కథలలో కొన్ని మనకు మిగిలినవి. కథలకు ముందు వారు కట్టిన చీకటి ఎంత మిగిలినదో ఎవరికి వారు తలచుకొనవచ్చును.

కావున మా మనవి మూడు మాటలు. ఒగ్గుకథను, చిందును, డోలి పాటను ధ్వనిముద్రణ చేయువారు మొదటి డోలు దెబ్బ నుండి చేయుడు, కళాకారుని తొందరపెట్టకుడు. వాయించువారికి కథ చెప్పువారితో సమానముగ ముట్టజెప్పుడు. డోలుగాని పేరును కూడ ప్రకటింపుడు. ఇంటిలోని యువకులు గిటారుల విదేశ సంగీతమును వినుచున్నచో వారిని కసరక, ప్రక్కన కూర్చుండి వినుడు. వారిని మరునాడు మల్లన్న పట్నముల కడకు తోడుకొని పొండు. రేక్యావిక్ నాదమును మెచ్చిన చెవి మాణిక్యాపురపు డోలును గుర్తించుట కష్టము కాదు. మాకు అట్లే జరిగినది.

మాట గొప్పది. అయితే మాటను వినుటకు మనలను సిద్ధము చేయు నాదము దానికన్న పెద్దది. మాఘమాసపు రాత్రి ఏ ఊరిలోనైన డోలు మొదలైనప్పుడు, కథ ఎప్పుడు మొదలగునని అడుగక కొంతసేపు కూర్చుండుడు.